వాత పెట్టే చేతికి కరెంటు కాపడం

నేను చదివింది నాలుగో తరగతి. ఇంతవరకు ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదు. అవి కూడా ఊళ్ళో వాళ్ళు చెబుతుంటే రాసినవే. ఇది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను. కానీ మేము షాద్‌నగర్ నుంచి తిరిగి వచ్చిన దగ్గర నుంచి మా కొత్తకోట వైపు వాళ్ళు ఎక్కడ కనిపించినా ఒకటే అడుగుతున్నారు.

"మీ బాపుకు కరెంటు పెట్టిండ్రట గదా? మనిషి ఎట్ల బతికిండు?"

ఒక్కొక్కరికీ చెప్పి నా గొంతు పోయింది. అందుకని చూసింది చూసినట్టు రాస్తున్నాను. తప్పులుంటే అక్షరాల్లో ఉంటాయి, సంగతిలో ఉండవు.

మేము గొర్రెలు మేపుకునే కురుమలం. మా బాపు పేరు ఎల్లయ్య. వాత పెట్టడంలో ఆయన పేరు చుట్టుపక్కల పది ఊళ్ళకు తెలుసు. ఇనుప సీకును నిప్పుల్లో ఎర్రగా కాల్చి, నొప్పి ఉన్న చోట ఒక గీత గీస్తాడు. గొర్రెకైనా అదే, మనిషికైనా అదే. వాత పెట్టించుకునే మనిషి మాత్రం కిక్కురుమనకూడదు.

"నోరు తెరిస్తే నొప్పి లోపల్నే ఉంటది. మూసుకుంటే సీకెంబడి పోతది" అంటాడు బాపు. ఏడేళ్ళప్పుడు నా పిక్క మీద ఆయన పెట్టిన వాత ఇప్పటికీ ఉంది. నేనూ నోరు తెరవలేదు.

పోయిన చలికాలంలో ఆయన కుడి భుజమే పట్టేసింది. చెయ్యి ఛాతీ దాకా వచ్చేది, ఆ పైకి లేచేది కాదు. తలకు రుమాలు మా అమ్మ చుట్టాల్సి వచ్చేది. మా చిన్నాయన మైసయ్య మూడుసార్లు వాత పెట్టాడు. బాపు పెదవి కదపలేదు. నొప్పి కూడా కదల్లేదు.

మాకు ఫికరంతా ఉన్ని కోత గురించే. వానలు పడక ముందు గొర్రెల ఉన్ని కత్తిరిస్తాం. మొదటి గొర్రె ఉన్నిని ఇంటి పెద్ద రెండు చేతులతో తలపైకి ఎత్తి మా కులదేవుడు బీరప్పకు చూపించాలి. మా తాత చేతులు వణికిన ఏడాది ఆ ఉన్ని మా బాపు చేతికి వచ్చింది. ఈసారి బాపు ఎత్తకపోతే చిన్నాయన ఎత్తాలి. మందలు కలపాలన్నా విడదీయాలన్నా, పిల్లలకు సంబంధాలు చూడాలన్నా, ఆ తర్వాత మాట చిన్నాయనదే. ఎవరూ పైకి అనలేదు గాని అందరూ బాపు భుజం వైపే చూస్తున్నారు.

కోతకు ఇంకా పాతిక రోజులుందనగా బయలుదేరాం.

కొత్తకోట

మొదట కొత్తకోటలో మాకు తెలిసిన కాంపౌండరు దగ్గరికి వెళ్ళాం. ఆయన భుజాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, మూడు వాత గీతలు చూసి తల పట్టుకున్నాడు.

"ఎల్లన్నా, నీ తోలు మీద పొలం దున్నిండ్రా ఏంది?"

"మా తమ్ముడు దున్నిండు. పంట మాత్రం రాలే" అన్నాడు బాపు.

"సూదులతోని గిది పోదు. షాద్‌నగర్‌ల ఒక డాక్టరు సాబున్నడు, పటాలంల పని చేసొచ్చిండు. ఆయన కాడ కరెంటు కాపడం మిషనున్నది. గాడికి పోండ్రి."

కాపడం అనే మాట విని బాపుకు ధైర్యం వచ్చింది. ఇసుక కాపడం, ఉప్పు మూట కాపడం మా ఇంట్లోనూ పెట్టుకుంటాం. కరెంటు అనే మాట ఆయన వినలేదో, విననట్టు ఉన్నాడో నాకు తెలియదు.

జడ్చర్ల

జడ్చర్లలో బస్సు కాసేపు ఆగింది. రోడ్డు పక్కన ఒక ముసలమ్మ తాటి ముంజలు అమ్ముతోంది. మా ఊళ్ళో ముంజలు కొనే వస్తువు కాదు, చెట్టు కింద అడిగి తినేవి. ఇక్కడ పావలాకు ఆరు. బాపు బేరానికి కూర్చున్నాడు. ఎక్కడికి పోతున్నారని ఆమె అడిగితే నేను చెప్పాను.

"అయ్యో, కరెంటా! మా మరిది కొడుకు తీగ ముట్టి చెట్టంత ఎత్తు ఎగిరిపడ్డడు. పెద్దాయన్ని గట్ల సంపుకుంటవా బిడ్డా?"

"ఎగిరిపడితే మంచిదేనమ్మా, చెయ్యి పైకి లేస్తది" అన్నాడు బాపు. ఆమె నవ్వి ఇంకో రెండు ముంజలు ఎక్కువ వేసింది. ఆ నవ్వుల్లో మేము హారను వినలేదు. తల ఎత్తేసరికి బస్సు వెళ్ళిపోయింది, సీటు మీద బాపు గొంగడితో సహా.

గొంగడి అంటే మాకు దుప్పటి ఒక్కటే కాదు. వానకు గొడుగు, ఎండకు నీడ, రాత్రికి మంచం. పైగా అది బాపు తన చేత్తో నేసుకున్నది. తర్వాతి బస్సెక్కాక బాపు ఒక్కటే అన్నాడు: "ముంజలు గూడ ముదురయినయి."

షాద్‌నగర్‌లో గొంగడి ముందు, మేము వెనక

షాద్‌నగర్‌లో బస్సు ఒక చాయ్ హోటల్ ముందు ఆగింది. దిగీ దిగగానే చూస్తే హోటల్ గల్లా పక్కన స్టూలు మీద మడత పెట్టి మా గొంగడి!

హోటల్ ఆయన పేరు ఖాజా. తెల్ల గడ్డం, పెద్ద గొంతు. "ఆవో, ఆవో! గొంగడి పొద్దున్నే వచ్చింది. దాని మనిషి ఎప్పుడొస్తడా అని చూస్తున్న. కండక్టరు చెప్పిండు, ముంజల కాడ ఇద్దరు పరేషాన్ అయితుండొచ్చని."

ఆయన మా ఇద్దరికీ చాయ్ పోయించి డబ్బులు వద్దన్నాడు. మరునాటి నుంచి మాత్రం తీసుకున్నాడు, పదిహేను పైసలు. కొత్తకోటలో పదే గాని అక్కడ సాసరు ఉండదు. ఆ హోటల్లో నాన్ రొట్టె అని ఒకటి చేస్తారు. చాయ్‌లో ముంచుకుని తినాలి. బాపు ఒక ముక్క నమిలి, "గిది రొట్టె గాదు, దూది. కొరికితే పండ్లకు పనే లేదు" అన్నాడు. అయినా రెండు తిన్నాడు. హోటల్ వెనకున్న చిన్న గది మాకు కిరాయికి దొరికింది. డాక్టరు దవాఖాన పక్క గోడే.

మిషను గది

డాక్టరు సాబు నిక్కరు వేసుకుని పటాలం మనిషిలాగే నిటారుగా నిలబడతాడు. భుజం చూసి, "కీలు బిగుసుకున్నది. లోపల వేడి పుట్టించి మెత్తగ చేస్తం. ఆ మెత్తదనంల చెయ్యి ఆడిస్తే సాగుతది. ఒట్టి కాపడంతోని కాదు, ఒట్టి ఆడిచ్చుడుతోని కాదు, రెండూ కావాలె. పది పూటలు" అన్నాడు.

మిషను నడిపేది ఒక నర్సమ్మ. కృష్ణా జిల్లా నుంచి వచ్చిందట. ఆమె మాట మాకు పాటలా వినిపించేది, మా మాటకు ఆమె నవ్వు ఆపుకునేది. మొదటి రోజు ఆమె బాపు కుడి దండ చేతికున్న వెండి కడియం చూసి తీసేయమంది.

"పెండ్లినాడు మా మామ తొడిగిండమ్మా. గీ దండ మీంచి అది ఎన్నడు దిగలే."

"తాతగారూ, లోహం ఉంటే వేడంతా దాని చుట్టూ చేరి చెయ్యి కాలుస్తుందండీ. తీయక తప్పదు."

సబ్బు నీళ్ళు రాసి నేనూ ఆమే లాగితే, మోచేతి దగ్గర చాలాసేపు మొరాయించి ఊడింది. కడియం ఉన్న చోట చర్మం పసిపిల్లల చర్మంలా తెల్లగా ఉంది. బాపు దాన్ని వింతగా తడిమి చూసుకున్నాడు. మెడలో రాగి తాయెత్తు కూడా తీసి నా జేబులో వేశాడు.

ఇప్పుడు అందరూ అడిగే సంగతి చెబుతాను. మిషను ఒక చెక్క బీరువా అంత ఉంటుంది. దాని నుంచి రెండు లావు తీగలు, వాటి చివర రెండు మెత్తలు. ఒకటి భుజం ముందు, ఒకటి భుజం వెనక, మధ్యలో మడత పెట్టిన పొడి తువ్వాలు. తీగలోని కరెంటు మనిషిని ముట్టదు. ఆ రెండు మెత్తల మధ్య కనిపించని కదలిక ఒకటి పుడుతుందని, రేడియోకు గాలిలో వచ్చే తరంగాల వంటిదేనని, అది మాంసం లోపలికి వెళ్ళి అక్కడ వేడి పుట్టిస్తుందని డాక్టరు సాబు చెప్పాడు. వాత పై తోలును కాలుస్తుంది. ఇది పైన చల్లగా ఉంచి లోపల వెచ్చబెడుతుంది.

నేను నమ్మనట్టు చూశానేమో, నర్సమ్మ వేలెడంత గాజు గొట్టం తెచ్చి మెత్తల దగ్గర పట్టింది. దానికి తీగ లేదు, వత్తి లేదు. చేతిలోనే ఎర్రగా వెలిగింది! దూరం జరిపితే ఆరింది. దగ్గర పెడితే మళ్ళీ వెలిగింది.

"ముట్టిచ్చినోడు ఎవడమ్మా?" అన్నాడు బాపు.

"మీ భుజం దగ్గర ఉన్నదేనండీ" అందామె. "ఇప్పుడు కొంచెం కొంచెం పెంచుతాను. ఓర్చుకోలేకపోతే చెప్పండి."

ఆ మాట గుర్తుపెట్టుకోండి. అంతా ఆ మాట దగ్గరే వచ్చింది.

అదే సమయంలో గోడ అవతల ఖాజా హోటల్ రేడియోలో పాట ఆగిపోయి గర్రుమని మోత మొదలైంది. ఖాజా గొంతు ఇవతలికి వినిపించింది. "యా అల్లా! ఎక్కిండు, మళ్ళ ఎవడో మిషనెక్కిండు!" మిషను నడిచినంతసేపూ ఆ రేడియో అలాగే మొత్తుకునేది. ఇరవై నిమిషాలు. హోటల్లో కూర్చున్నవాళ్ళు, "ఎవని భుజమో గాని మన పాట పాయె" అని తిట్టుకునేవారు.

కాపడం అయ్యాక గోడ పని. బాపు గోడకు ఎదురుగా నిలబడి రెండు వేళ్ళతో సాలీడులా గోడ ఎక్కాలి. ఎంత దూరం ఎక్కితే అక్కడ నర్సమ్మ పెన్సిల్‌తో గీత గీసేది. మొదటి రోజు గీత ఆయన ఛాతీకి ఎదురుగా ఉంది. మూడో రోజుకు నాలుగు వేళ్ళు పైకి జరిగింది. నాకు రెక్కలు వచ్చినట్టయింది.

నాలుగో రోజు

నాలుగో రోజు నేను గదిలోనే ఓ మూల కూర్చున్నాను. నర్సమ్మ మీట తిప్పుతూ అడుగుతోంది.

"వెచ్చగా ఉందా తాతగారూ?"

"ఆఁ."

"ఓర్చుకోగలరా?"

"ఓర్సుకుంట."

"ఇంకొంచెం పెంచనా?"

"పెంచు బిడ్డా, మంచిగ పెంచు."

ఎక్కువ వేడి పెడితే తొందరగా పోతుందని ఆయన లెక్క. ఆమె పెంచింది. బాపు కళ్ళు మూసుకున్నాడు. దవడ బిగిసింది. ఆ దవడ నాకు తెలుసు. వాత పెట్టించుకునేవాళ్ళందరి దవడ అలాగే ఉంటుంది. కానీ అది హాయిగా ఉండి మూసుకున్న కళ్ళని నేను అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు కావలసి వచ్చిందేమో.

మిషను ఆగాక తువ్వాలు తీస్తే, పాత వాత గీతల మీద రూపాయి బిళ్ళంత బొబ్బ.

నర్సమ్మ ముఖం పాలిపోయింది. "ఇదేంటండీ! నోరు లేదా మీకు? ఇంత కాలుతుంటే చెప్పరా?"

బాపు ఆమె వైపు ఆశ్చర్యంగా చూశాడు. "నోరు తెర్వొద్దు గద బిడ్డా."

డాక్టరు సాబు పరుగున వచ్చాడు. నర్సమ్మ ఏడుపు ఆపుకుంటోంది. బాపు లేచి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. "సాబ్, పిల్లది అడిగింది. నేనే ఓర్సుకుంట అన్న. దాన్ని ఏమనకు."

డాక్టరు బొబ్బ చూశాడు. పక్కనున్న వాత మచ్చ మీద ఒక వేడి చెంచా, ఒక చల్ల చెంచా పెట్టి, కళ్ళు మూసుకుని చెప్పమన్నాడు. బాపు రెండింటికీ "చల్లగనే" అన్నాడు.

"చూసినవా? వాత పెట్టిన తోలుకు వేడి సగమే తెలుస్తది. ఆ తెలిసిన సగం గూడ నువ్వు చెప్పవు." తర్వాత నర్సమ్మ వైపు తిరిగాడు. "నీదీ పొరపాటే అమ్మా. మచ్చలున్న జాగాల ముందే పరీక్ష చెయ్యాలె. ఇంకోటి, ఓర్చుకోలేకపోతే చెప్పమని నువ్వు అడిగినవు. గా మాట ఈయనను అడిగితే సచ్చేదాంక చెప్పడు!"

బాపు నవ్వాడు. ఎవరికీ నవ్వు రాని చోట ఆయన నవ్వు చూసి నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఎల్లయ్యా, గీ మిషను కాడ ముల్లు లేదు, అంకె లేదు. నీ నోరే దానికి తూకం. చలికాలం గొంగడి కప్పుకుంటే ఎట్లుంటది?"

"మంచిగుంటది సాబ్. నిద్ర పడ్తది."

"గంతే. గంతకు మించి జర కూడ ఎక్కువ కావొద్దు. గొంగడి లెక్క ఉంటే గొంగడి అను. సీకు లెక్క ఉంటే వాత అను. వాత అంటే మిషను బంద్."

బొబ్బ ఆరే దాకా

ఎనిమిది రోజులు మిషను లేదు. గోడ పని మాత్రం మానలేదు. కానీ బొబ్బ నొప్పికి గీత మళ్ళీ రెండు వేళ్ళు కిందికి దిగింది. కోత దగ్గర పడుతోంది. నేను చెప్పుకోలేక ఖాజా ముందు కూర్చునేవాణ్ణి. ఆయన ఓదార్పు ఆయన పద్ధతిలో ఉండేది. "మీ బాపు భుజం మండింది గాని భాయ్, మా రేడియో బాగుపడ్డది. ఎనిమిది రోజుల నుంచి మీ పూట టైముకు పాట సాఫ్‌గ వస్తాంది."

ఆయన మేక ఒకటి ముందు కాలు కుంటుతుంటే బాపును వాత పెట్టమన్నాడు. బాపు కాలు తడిమి, "ఉప్పు తే" అన్నాడు. ఉప్పు మూట వేడి చేసి ముందు తన చెంపకు ఆనించుకున్నాడు. తర్వాత మేక కాలికి పెట్టి దాని చెవుల వైపే చూస్తూ కూర్చున్నాడు.

"చెవులెందుకు ఎల్లయ్యా? నొప్పి కాలికి" అన్నాడు ఖాజా.

"చెవులు ఎనకకు పడితే వాత. ముందలికి ఉంటే గొంగడి. నోరులేని జీవి గూడ చెప్తది, చూస్తే."

యాభై ఏళ్ళు వాతలు పెట్టిన మనిషి నోట ఆ మాట విన్నాక నాకు భుజం సంగతి కంటే పెద్దదేదో జరిగిందనిపించింది.

తొమ్మిదో రోజు మళ్ళీ మిషను. నర్సమ్మ మీట మీద చెయ్యి పెట్టి, మా మాటే పట్టుకుని అడిగింది. "గొంగడేనా తాతగారూ?"

"ఇంకా ఒట్టి దుప్పటే."

కొంచెం తిప్పింది. "ఇప్పుడు?"

"గొంగడి."

"ఇంకొంచెం?"

బాపు దవడ ఒక్కసారి బిగిసింది. నేను లేచి నిలబడ్డాను. ఆయన పెదవులు కదిలాయి. చాలా కష్టంగా, ఎవరో గొంతులోంచి లాగినట్టు, "వాత" అన్నాడు.

ఆమె వెంటనే తగ్గించింది. అవతల రేడియో మోత మాత్రం సాగింది. "ఆ గయా, ఎల్లయ్య వచ్చిండు!" అని ఖాజా అరిచాడు. ఆ అరుపులో తిట్టు లేదు.

మిగిలిన అయిదు పూటలూ అలాగే గడిచాయి. చివరి రోజు గోడ మీద గీత బాపు చెవికి ఎదురుగా ఉంది. ఆ పైన వెళ్ళలేదు. ఇంటి దగ్గర గోడ పని మానకుంటే ఇంకా వెళ్ళవచ్చని, వెళ్ళకపోనూవచ్చని డాక్టరు సాబు ఉన్నదున్నట్టు చెప్పాడు. కడియం మళ్ళీ తొడగబోతే బాపు వద్దని ఎడమ చేతికి వేయించుకున్నాడు. బస్సులో గొంగడి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. జడ్చర్లలో దిగనివ్వలేదు.

కోత నాడు

కోతకు అయిదు రోజుల ముందు ఇల్లు చేరాం. ఆ రోజు మంద చుట్టూ అందరూ చేరారు. మొదటి గొర్రెను బాపే కత్తిరించాడు. నల్లటి ఉన్ని ఒక్క చుట్టగా వచ్చింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఎత్తాడు. ఛాతీ దాటింది. మెడ దాటింది. కుడి చెయ్యి చెవి దగ్గరికి వచ్చి ఆగింది.

చిన్నాయన నేల చూస్తున్నాడు. ముందుకు రావాలో వద్దో ఆయనకు తెలియలేదు. బాపు దవడ బిగిసింది. ఇక నోరు మూసుకుని ఎత్తుతాడని, కీలు విరిగినా ఎత్తుతాడని నేను భయపడ్డాను.

"వాత" అన్నాడు బాపు గట్టిగా.

అందరూ సీకు కోసం అటూ ఇటూ చూశారు. మా అమ్మ పొయ్యి వైపు నడిచింది కూడా.

"సీకు గాదే. నాకు నొస్తాంది అంటున్న. మైసా, మోచేతి కింద చెయ్యి పెట్టు. గట్టిగొద్దు. నేను చెప్పిన కాడికి."

చిన్నాయన వచ్చి అన్న మోచేతి కింద చెయ్యి పెట్టాడు. "గింతనా అన్నా?"

"ఇంక జర."

"గింతనా?"

"ఆఁ, గొంగడి. గాడనే ఉంచు."

ఉన్ని బాపు తల దాటి పైకి లేచింది. ఆ ఏడాది ఎత్తింది అన్నా తమ్ముడా అని ఎవరూ అడగలేదు. కింద పెట్టాక బాపు చెమట తుడుచుకుని నన్ను పిలిచాడు.

"నర్సమ్మకు ఒక కార్డు ముక్క రాయి. చెవి దాంక గొంగడి, ఆ పైన వాత. చెప్పిన అని రాయి. నలుగురి ముందల నోరు తెరిచి చెప్పిన అని గూడ రాయి."

రాసి, మరునాడే కొత్తకోట వెళ్ళి పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.